దారికి అడ్డంగా విందు

సర్కారు మనిషి కుర్చీలు తనకు తోచినట్టు వేయించాడు. దిగువ తెగ పెద్ద మర్డోను తీసుకెళ్లి తలుపు పక్కన కూర్చోబెట్టాడు. సమావేశం జరిగేది ఎగువ తెగ హాల్లో. వచ్చిన పెద్దను వంశం పేరుతో పిలిచి, ఆయన స్థానంలో కూర్చోబెట్టాల్సింది ఎగువ తెగ తరఫున మాట్లాడే డెల్ఫీన్. ఆమె చూసింది. చూసీ ఊరుకుంది. శుక్రవారంలోగా రెండు తెగలూ సరిహద్దు తేల్చుకోకపోతే కాకి వాగు లోయను తెగల భూముల ఒప్పందంలోంచి తీసేసి కలప కంపెనీకి ఇచ్చేస్తామని సర్కారు బెదిరించింది. ఆ కంగారులో ఉందామె.

మర్డో లేచి వెళ్లిపోయాడు. ఆయన వెనకే ఆయన జనమూ వెళ్లిపోయారు.

"కుర్చీ కోసం అలిగాడా?" సర్కారు మనిషి నవ్వాడు. "ఇక పట్నంలో సర్కారు పెట్టిన మధ్యవర్తే మీ సరిహద్దు గీత గీస్తాడు."

ఆ సాయంత్రం చేపలు పొగబెట్టే కొట్టం దగ్గర ఎగువ తెగ జనం గోలగోలగా అరుచుకున్నారు.

"ముసలాడి అలక్కి లోయ పోగొట్టుకుంటామా? గీయనివ్వండి గీత!" అన్నాడు కలప మిల్లులో పనిచేసే రెన్నీ.

"గీత చూసుకుని ఈదుతాయేంట్రా చేపలు?" అంది డెల్ఫీన్ మేనత్త అగాథా. జనం గొల్లుమన్నారు. "మనల్ని మనకే పగోళ్లని చేసి అడవి నరుక్కుపోతారు. తెలీట్లేదా?"

డెల్ఫీన్ లేచింది. "ఆ సర్కారోడికి మన పద్ధతి తెలీదు. నాకు తెలుసు. తప్పు నాదే. అవమానం అందరి ముందూ విందు పెట్టి కడగాలి. అయితే హాల్లో కాదు, లారీలు పోయే దారి మీద."

మర్నాడు దారికి అడ్డంగా కుర్చీలు వరసలు తీరాయి. ఎండుచేపలు, రొట్టెలు, చేపనూనె వచ్చాయి. కలప లారీలు హారన్లు కొట్టి కొట్టి ఆగిపోయాయి. కబురందుకుని మర్డోతో వచ్చిన దిగువ తెగ జనం దూరంగా నిలబడి చూస్తున్నారు.

డెల్ఫీన్ మర్డోను వంశం పేరుతో ఎలుగెత్తి పిలిచింది. ముందు వరసలో కూర్చోబెట్టి భుజాల మీద కంబళి కప్పింది. ఆయన జనమూ వచ్చి వెనక వరసలో కూర్చున్నారు.

"మిమ్మల్ని తలుపు దగ్గర కూర్చోబెడితే నోరు మూసుకున్నాను పెద్దయ్యా. సిగ్గుగా ఉంది."

"ఉండాలి మరి," అన్నాడు మర్డో. తర్వాత కంబళి దగ్గరకు లాక్కున్నాడు. "సరే, కడిగేశావు. వినండర్రా! లోయలో గీతా లేదు, గాడిదగుడ్డూ లేదు. వసంతంలో వలలు మీవి, ఆకురాలే కాలంలో మావి. ఎవడైనా చెట్టు మీద చెయ్యేస్తే మాత్రం ఇద్దరం వస్తాం."

సర్కారు ఏళ్ల తరబడి తెగనివ్వని తగువు ఒక్క పూటలో తెగిపోయింది!

పోలీసులు కోర్టు ఆర్డరుతో దిగారు. "దారి వదలండి."

"విందు అవ్వాలిగా," అంది డెల్ఫీన్. "ఇక్కడ చూసింది వచ్చినవాళ్లంతా లేచి చెప్పాలి. చెప్పకపోతే మా లెక్కలో జరగనట్టే."

ఆమెకు బేడీలు వేసి వ్యాన్ ఎక్కించారు. అగాథా లేచింది. "ఈ రోజు నేను చూశాను. మర్డోకి ఆయన స్థానం..." ఆమెనూ వ్యాన్‌లోకి ఈడ్చుకెళ్లారు. గీత గీయించుకుందామన్న రెన్నీ లేచి, అగాథా వదిలిన మాట దగ్గరే అందుకున్నాడు. "...ఆయన స్థానం దక్కింది. లోయ ఇద్దరిదీ..."

అతన్నీ పట్టుకున్నారు. ఈసారి దిగువ తెగ వరసంతా ఒక్కసారిగా లేచింది.

"...ఇద్దరిదీ!"

పోలీసు అధికారి వ్యాన్‌లోకి తొంగి చూశాడు. లోపల ముగ్గురికి మించి చోటు లేదు.