కోతి కోసం ప్రార్థన

వేంపల్లె దగ్గరి ఆ ఊరి చర్చిలో ప్రతి ఆదివారం ప్రసంగం అయ్యాక ప్రార్థన మనవులు చదువుతారు. ఎవరికి జ్వరం, ఎవరికి కాన్పు, ఎవరి బోరులో నీళ్లు ఇంకిపోయాయి, అన్నీ. రెండేళ్లుగా అందులో రూతమ్మ పేరు కూడా ఉంది. "విశ్వాసం సన్నగిల్లిన మన సహోదరి రూతమ్మ" అని పాస్టరు హెన్రీ గొంతెత్తి చదువుతాడు. ఛీ, ఏం బతుకు! కడప డాక్టరు దిగులుకు మాత్రలు రాసిస్తే, "ప్రార్థన చేసే నోటికి అవి యాలమ్మా?" అన్నాడు పాస్టరు. ఆమె మానేసింది. మళ్లీ మంచం పట్టింది. మనవరాలు కొంగు లాగినా పలికేది కాదు.

ఇక లాభం లేదని ఆమె అన్న కూతురు జీవిత వచ్చి, బలవంతాన కడపలో తాను పనిచేసే పరిశోధనశాలకు తీసుకుపోయింది. అక్కడ దిగులు జబ్బు గురించి కోతుల్లో పరిశోధన చేస్తారు.

"ఏం పాపా, నన్ను గూడా కోతుల్లో కలుపుతావా?"

"ఆ మూల కూర్చున్నదాన్ని చూడత్తా."

వల కట్టిన పెద్ద ఆవరణలో కోతులు గంతులేస్తున్నాయి. ఒకటి మాత్రం గోడవారన తల వాల్చుకుని కూర్చుంది. దాని పిల్ల వచ్చి చెయ్యి పట్టి గుంజింది. అది కదల్లేదు. ముందు పెట్టిన పండు కూడా ముట్టలేదు. కళ్లు తెరిచే ఉన్నాయి గానీ దేన్నీ చూడడం లేదు.

"దాన్ని మీరేమన్నా చేసినారా?"

"లేదత్తా. మునుపటి రోజుల్లో ఒంటిగా బోన్లో పెట్టి దిగులు పుట్టిస్తాండ్రి. మేం గుంపులోనే ఉంచి, దానంతట అదే దిగులుపడితే చూస్తాం. మందు మొదలుపెట్టినాం. మేలయితాదో లేదో ఇంకా తెలీదు."

రూతమ్మ వల పట్టుకుని భోరుమంది. అది అచ్చం తానే. మరి దీనికేం విశ్వాసం తక్కువైంది? ఇది ఏ ఆదివారం చర్చి ఎగ్గొట్టింది? ఏడుపు ఆగేసరికి ఆమెకు కోపం వచ్చింది. లేచి నిలబడే బలమిచ్చే మంచి కోపం.

వస్తూ వస్తూ డాక్టరును కలిసి మాత్రలు మళ్లీ రాయించుకుంది. కానీ ఇంట్లో వేసుకోలేదు. దొంగచాటుగా మింగడానికి ఆమెకు మనసొప్పలేదు.

ఆదివారం మనవులు మొదలవగానే లేచి నిలబడింది.

"అయ్యగారూ, కడపలో ఒక కోతి ఉండాది. దిగులుతో తిండి మానేసింది. దానికోసరం ప్రార్థన చేయల్ల."

పిల్లలు కిసుక్కున నవ్వారు. పాస్టరు ముఖం ఎర్రబడింది. "దేవుని సన్నిధిలో ఎగతాళా రూతమ్మా?"

"కాదయ్యా. నాకొచ్చిన రోగమే దానికీ వచ్చింది. నాకు విశ్వాసం తక్కువని ఇన్నాళ్లు చదివితిరి. దానికేం తక్కువో గూడా చదవండి, వింటాం."

ఎవరూ నవ్వలేదు. హెన్రీ చెడ్డవాడేం కాదు, ఎన్నడూ అలా ఆలోచించలేదంతే. చేతిలోని మనవుల కాగితం మడిచి కళ్లు మూసుకున్నాడు.

"ప్రభువా, ఆ నోరులేని జీవికి... రోగం వచ్చింది. దానికిచ్చే మందు పనిచేసేటట్టు చూడు తండ్రీ."

అందరికంటే గట్టిగా ఆమెన్ అన్నది రూతమ్మే. సంచిలోంచి మాత్ర తీసి, పక్కన కూర్చున్నామె చేతిలోని నీళ్ల సీసా అందుకుంది. చర్చి అంతా ఆమెవైపే చూస్తోంది.

"చూస్తాండారు గదా, బాగా చూడండి" అని మాత్ర మింగింది.