పాప కళ్ళకేం కాదన్నా వినలేదు

“నీకు తెలీదులే. పాపని కనిపెట్టి ఉండటానికి గోడకి పెట్టిన ఆ కెమెరా చీకట్లో వదిలే కిరణాలకి పాప కళ్ళు పాడైపోతాయట,” అన్నాడు భర్త, ఆమె పాలసీసాలు కడుగుతుండగా.

ఏడేళ్ళుగా ఆమె ఉద్యోగమే అది. దీపాలూ కెమెరాలూ కళ్ళకి హాని చేస్తాయా లేదా అని ల్యాబులో కొలిచి సంతకం పెట్టడం. ప్రసూతి సెలవు పెట్టినంత మాత్రాన చదివిందంతా పాలతోపాటు బయటికి పోతుందా? అయినా ఓపిగ్గానే చెప్పింది.

“పరీక్షించి అమ్మే వాటిలో ఆ వెలుగు చాలా తక్కువండీ. అంత దూరంలో గోడకి ఉంది, కళ్ళకేం కాదు. దాని తీగ మాత్రం పాప చేతికి అందకూడదు, మెడకి చుట్టుకుంటుంది.”

“మా బావ చెప్పాడు.”

బావగారు అమ్మేది సోఫాలు. “వాడు లోకం చూసినవాడమ్మా,” అని అత్తగారు వంతపాడారు. సోఫాలో కూర్చుంటే లోకమంతా కనిపిస్తుంది కాబోలు అనుకుందామె.

మర్నాడే ఆయన కెమెరాని గోడమీంచి తీసి, పాప మంచం కమ్మీకి బిగించి, పాప మీద వెలుగు పడకుండా దాని ముఖం గదివైపు తిప్పాడు. తీగ కమ్మీ పక్కన వేలాడింది. ఆమె తీసేస్తే మళ్ళీ పెట్టాడు. “ముట్టుకోకు. ఎంతో ఆలోచించి పెట్టాను.”

ఇక కెమెరాలో చూస్తూ ఆయన ఆఫీసు నుంచి ఫోన్లు. “మధ్యాహ్నం గంట పడుకున్నట్టున్నావే?” “ఆ బట్టలింకా మడతపెట్టలేదేం?”

మూడోరోజు ఆమె బట్టలు ఆరేసి వచ్చేసరికి గదిలో అలికిడి లేదు. తీగ పాప మెడకి ఒక చుట్టు చుట్టుకుని ఉంది. ముఖం కందిపోయింది. గబగబా తప్పించింది. పాప గుక్కపట్టి ఏడ్చింది. అప్పుడు మోగింది ఫోను.

“ఎందుకేడుస్తోంది? ఇందాకట్నుంచి చూస్తున్నా, గదిలో నువ్వు లేవు.”

జరిగింది చెప్పింది. 

“తీగ సంగతి నువ్వు కాస్త గట్టిగా చెప్పాల్సింది,” అన్నాడాయన.

ఆమెకి కోపం రాలేదు. కోపం రావాలన్నా అవతలి మనిషి ఎంతో కొంత లెక్కలో ఉండాలి. ఫోను పెట్టేసి, కెమెరా పీకి అటకమీద పడేసింది. పాపని భుజాన వేసుకుని ల్యాబులో తన పై అధికారిణికి ఫోన్ చేసింది.

“సోమవారం నుంచి వచ్చేస్తాను మేడమ్. పాపని మన క్రెష్‌లో చేరుస్తాను.”

“ఇంకా రెండు నెలల సెలవుందిగా? ఇంట్లో ఒప్పుకున్నారా?”

గుమ్మంలో అత్తగారు నిలబడి వింటున్నారు. ఆమె గొంతు తగ్గించలేదు.

“ఒప్పుకోవాల్సింది నేనూ, పాపా. ఇద్దరం ఒప్పుకున్నాం.”