గేదెకి చుట్టిన టేపు

నేను ఒక కొలత టేపుని. దర్జీ మెడలో ఉండే జాతి కాదు, పశువుల ఛాతీకి చుట్టి బరువు అంచనా కట్టే రకం. ఒకవైపు సెంటీమీటర్లు, రెండోవైపు కిలోలు. ఫ్యాక్టరీ నుంచి తిన్నగా వ్యవసాయ కాలేజీ ల్యాబులోకి వచ్చి పడ్డాను. అక్కడ అటెండరు సోమరాజు గారు రోజూ నన్ను నడుముకి చుట్టుకుని, అంకె చూసి, టేపు సాగిపోయిందనేవారు. సాగింది నేను కాదు.

ఏడేళ్లు పశువుల చెమటలో నానాక, ఈమధ్య నన్ను విద్యార్థుల చేతికిచ్చారు. కాలేజీలో సీట్లు నిండడం లేదట. పశువుల ప్రదర్శనలో టేబులు వేసుకుని, ఉచితంగా బరువు చూస్తామని రైతుల్ని పిలిచి, పిల్లల్ని మా కాలేజీలో చేర్పించమని బతిమాలాలి. నన్ను మెడలో వేసుకున్న అమ్మాయి పేరు ప్రసూన, రెండో ఏడు చదువుతోంది. "పదో తరగతి పాసైతే చాలండి, రెండేళ్ల డిప్లొమా" అని మూడు రోజుల్లో ఎన్నిసార్లు చెప్పిందో, ఆ మాట వింటేనే నాకు నీరసం వచ్చేది. రైతులు బరువు తెలుసుకుని, కరపత్రంతో విసురుకుంటూ వెళ్లిపోయేవారు. ఒక్క దరఖాస్తూ రాలేదు.

ఆఖరి సాయంత్రం అబ్బులు అనే రైతు గేదె దగ్గరికి వెళ్లాం. ప్రసూన ఓపిక లేక నన్ను ఎలాగో చుట్టేస్తుంటే, "ముందుకాళ్ల వెనకాలే పట్టాలండి" అని అతని కూతురు దేవిక సరిచేసింది. ఆ ఏడే పది పాసైందట. "నేను చేరతానండి" అని తండ్రికి వినబడేలాగే అంది.

అబ్బులు అడ్డం తగిలాడు. "దూడ పోయిన కాడి నుంచి ఇది మా పిల్ల చెయ్యి తగిల్తేనే పాలు చేపుద్దండి, లేపోతే చుక్క దిగనివ్వదు. పిల్లని మీరు తీసుకుపోతే, మీ ప్రిన్సిపాలు గారొచ్చి పిండుతారేటండి?"

అంత అలసటలోనూ ప్రసూనకి సొంతిల్లు గుర్తొచ్చినట్టుంది. "మా గేదే అంతేనండి, అమ్మ ఊళ్లో లేనప్పుడు మా నాన్నగారు అమ్మ చీర కట్టుకుని పిండేవారు. మీరు అమ్మాయి చున్నీ కప్పుకుని కూర్చోండి" అంది.

చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. అబ్బులు మీసాల మనిషి, రోషం వచ్చింది. "సరే, చేపితే దరఖాస్తు రాసుకోండి. చేపకపోతే మళ్లీ మా జోలికి రాకండి" అని, కూతురి చున్నీ నెత్తిన కప్పుకుని, తపేలాతో గేదె పక్కన గొంతుక్కూర్చున్నాడు. గెలుపు తనదేనని అతని ధీమా.

నేనింకా గేదె ఛాతీకే ఉన్నాను. అబ్బులు చెయ్యి తగలగానే అది ఒళ్లు బిగదీసుకుంది. మెడ తిప్పి చున్నీని వాసన చూసింది. తర్వాత పెద్ద ఊపిరి వదిలి ఒళ్లు సడలించింది. ఆ సంగతి అందరికన్నా ముందు నాకే తెలిసింది. తపేలాలో పాలధార మోగింది.

ప్రసూన గబగబా దరఖాస్తు తీసింది. చేరబోయే పిల్ల మాత్రం గేదె మెడ పట్టుకుని ఏడుపు మొదలెట్టింది. "ఇంత సులువుగా ఇచ్చేసిందేంటి నాన్నా? ఇంక దీనికి నేనక్కర్లేదా?"

అబ్బులు పిండడం ఆపలేదు. జారిపోతున్న చున్నీని మోచేత్తో నెత్తి మీదికి లాక్కుని, గొంతు బాగా తగ్గించాడు.

"మాట్లాడకమ్మా. నువ్వే పిండుతున్నావనుకుంటోంది."