కూర్చున్న కొలతల కోటు

నాకు విషజ్వరం వచ్చినప్పుడు, నేను బతికితే కార్తీక ఏకాదశికి పండరికి నడిచి వస్తానని మా ఆయన మొక్కుకున్నారు. నేను బతికాను. ఆయన మాత్రం నిరుడు భజన గుంపుతో సదాశివపేట దాకా నడిచి, చెప్పు కరిచిందని బస్సెక్కి మళ్ళీ సంగారెడ్డిలో దిగారు. పెనిమిటి పేరు నేను పలకకూడదు గాని, ఊరంతా పాండురంగం సేట్ అంటుంది. ఆ పేరు పెట్టుకుని పండరికి పోలేకపోయాడని నవ్వింది కూడా.

నవ్వితే నవ్వారు. మొక్కు తీరకపోతే ఆ జ్వరం మళ్ళీ నా మీదికి వస్తుందని ఆయన బెంగ. ఇంట్లో ఉండేది ఇద్దరమే. నేను తుమ్మితే చాలు, వచ్చి నుదుటి మీద చెయ్యి వేస్తారు.

అందుకని ఈసారి దసరాకు ముందే సరంజామా మొదలైంది. మెత్తగా ఉంటాయని ఒక జత చెప్పులు, గట్టిగా ఉంటాయని ఇంకో జత, అవి రెండూ కరిస్తే వేసుకోవడానికి మిలిటరీ బూట్లు. చలికి రజాయి, వానకు గొడుగు, దోమలకు తెర, స్టవ్వు, దానికో కిరసనాయిలు డబ్బా. "గుడారం ఒక్కటి మర్సినరు" అని ఎగతాళికి అన్నాను. మర్నాడు దాన్ని వెతకడానికి పటాన్‌చెరు వెళ్ళొచ్చారు.

అన్నిటికన్నా ఘనమైంది ఉన్ని కోటు. దర్జీ అబ్దుల్ కరీం ఎన్నో ఏళ్ళుగా మా ఆయన కొలతలు మా దుకాణంలోనే, గద్దె మీద కూర్చున్నట్టుగానే తీస్తాడు. బేరం వదిలి ఈయన లేవరు, లేచేదాకా అతను ఆగలేడు. కోటు వచ్చింది. కూర్చుంటే నవాబే. లేచి నిలబడితే మాత్రం ముందు భాగం సంచిలా వేలాడింది, వెనక భాగం నడుము మీదికి ఎగిరింది.

"ఏంది కరీం భాయ్ ఇది?" అన్నారు మా ఆయన.

"మీరు నడుస్తరని నాకెట్ల తెలుస్తది సేట్? ఇన్నేండ్లల్ల మిమ్మల్ని నిలబడంగ ఎప్పుడు సూసిన?"

నాకు నవ్వు ఆగలేదు. కరీం కోటు సరిచేస్తానని చెప్పి వెళ్ళిపోయాడు. మా ఆయన మెట్టు మీద కూలబడ్డారు.

"ఈసారి గూడ నాతోని కాదే."

"ఎందుకు కాదు? ఇన్ని చెప్పులున్నయి గద."

"నిరుడు చెప్పు కరువలే. సదాశివపేటల పండుకున్నంక నువ్వు యాదికొచ్చినవ్. జ్వరమొస్తే నీళ్ళిచ్చెటోళ్ళు ఎవరుంటరని. ఇగ కాళ్ళు ముందుకు పడలే."

నాకు కోపం వచ్చింది, ఏడుపూ వచ్చింది. ఈ మనిషి తన బెంగను చెప్పుల కింద దాచుకుందామని చూశాడన్నమాట.

"గా మాట నిరుడే చెప్తే అయిపోతుండె. నేను గూడ వస్త" అన్నాను.

"నువ్వా? అంత దూరమా?"

"రోజూ నీళ్ళకు బాయి దాక పొయ్యొచ్చేది నేనా, మీరా?"



బయలుదేరే పొద్దున గుంపు పెద్ద నాగయ్య, ఎవరి మూట వాళ్ళే మోయాలని అందరికీ చెప్పాడు. నా మూటలో చీర, చెంబు, గొంగడి. మా ఆయన తన మూట ఎత్తుకుని నాలుగడుగులు వేసి ఆగారు. నా మూట వైపు చూశారు. తనది దించి, ఒక్కొక్కటే తీసి దుకాణం అరుగు మీద పెట్టారు. బూట్లు, స్టవ్వు, తెర, కోటు. రజాయి దగ్గర మాత్రం చెయ్యి ఆగింది.

"గొంగడి ఒక్కటి ఇద్దరికి సాలదా?" అన్నారు, గుంపంతా వినేటట్టు.

నాగయ్య గబుక్కున అటు తిరిగి చేతిలోని భజన తాళాలు సవరించుకున్నాడు. పెళ్ళయిన ఇన్నేళ్ళకు, సంగారెడ్డి నడిబజార్లో, నాకు సిగ్గు ముంచుకొచ్చింది.

"సాలుతది, నడువుండ్రి" అన్నాను తల దించుకుని.