పోగు బిగువు

మూడుసార్లు కొలిచినా అంకె తక్కువే వచ్చింది. ఆమెకు కాలు నిలవలేదు.

నారపోగులను తెంపకుండా, లాగకుండా వాటి బిగువు, అంటే బరువు ఆపే సత్తువ, కొలవడం ప్రయోగశాలలో ఆమె పని. సన్నని లేజర్ కాంతి పోగును తాకి చెదురుతుంది. చెదిరి వచ్చేటప్పుడు దాని రంగు వెంట్రుకవాసి మారుతుంది. పోగు ఎంత బిగువైనదైతే తేడా అంత ఎక్కువ. ఈ పోగు అన్నయ్య ఇచ్చిన జనపనార తాడులోది. కట్టడాల చుట్టూ కర్రలు, తాళ్ళతో పరంజా కట్టడం అతని వృత్తి. "మా తాడుకీ నీ దీపం చూపించవే, మొహం వెలిగిపోతుంది" అంటూ నిన్న సరదాగా చేతిలో పెట్టాడు.

చెమ్మ వల్లేమోనని ఆరబెట్టి చూసింది. అదే అంకె. అన్నయ్య ఫోన్ ఎత్తడం లేదు.

"ఒక్క పోగు చూసి తాడంతా పాడైందంటే ఎలాగమ్మా?" అన్నాడు ప్రయోగశాల పెద్దాయన.

"అన్నం ఉడికిందో లేదో ఒక్క మెతుకే కదండీ పట్టి చూస్తాం!"

"తాడు అన్నం కాదుగా."

ఆ మాటా నిజమే. అయినా అన్నయ్య పనిచేస్తున్న కట్టడం దగ్గరికి పరుగున వెళ్ళింది. అన్నయ్య మూడో అంతస్తు ఎత్తున కర్రల మీద నిలబడి ఉన్నాడు.

"ఏమే, కొంపలేమైనా అంటుకున్నాయా?"

"ముందు దిగన్నయ్యా! ఆ తాళ్ళు మంచివి కావు, మా దీపం కింద తేలింది."

కింద పని చేయిస్తున్న మేస్త్రీ నవ్వాడు. "పాతికేళ్ళు కట్టిన చేతికి తెలియంది నీ దీపానికి తెలిసిందా తల్లీ?"

అన్నయ్య విసుక్కుంటూ దిగాడు. మిగిలిన చుట్టలోంచి ముక్క కోసి, దానికి ఇసుక బస్తా వేలాడదీశారు. ఆగింది. రెండో ముక్కా తెగకుండా ఆగింది. ఆమె చెవులు వేడెక్కాయి.

"ఇంకొక్కటి. చుట్ట అడుగునుంచి."

బస్తా లేచీ లేవకముందే తాడు పుటుక్కున తెగింది.

ఎవరూ నవ్వలేదు. మేస్త్రీ తెగిన కొస వాసన చూశాడు. "గోడలు కడిగే యాసిడ్. మొన్న సామాన్ల కొట్లో డబ్బా కారింది."

తడిసిన తాళ్ళు పైన ఎక్కడెక్కడ ఉన్నాయో ఎవరికీ తెలియదు. "కట్టింది నేను, విప్పేదీ నేనే" అని అన్నయ్య నడుముకు గొలుసు బిగించుకుని, రెండో కొస లోపలి స్తంభానికి కట్టి, కిటికీలోంచి బయటికి వంగాడు. ప్రతి ముడి పక్కన బయటి నుంచి తెప్పించిన కొత్త తాడు వేసి, ఆ తర్వాతే పాతది కోశాడు. కర్ర కిర్రుమన్నప్పుడల్లా కింద ఆమె తలెత్తి చూసింది. ఎవరో మంచినీళ్ళిస్తే గ్లాసు పట్టుకుని అటూ ఇటూ తిరిగింది, తాగలేదు.

పొద్దు వాలాక అన్నయ్య దిగాడు. అరచేతులు దోక్కుపోయాయి.

"మూడోదీ ఆగి ఉంటే ఏం చేసేదానివే?"

"నాలుగోది అడిగేదాన్ని."

"అదీ ఆగితే?"

ఆమె సామాన్ల కొట్టు వైపు చూసింది. అన్నయ్య ఆమె చూపు వెంట చూసి, మిగిలిన చుట్టలన్నీ పరీక్షకు బయటికి ఈడ్చమని మేస్త్రీకి కేకేశాడు.