పరీక్ష లేని పుస్తకం

ఆ ఇంట్లో డిగ్రీ దాకా వచ్చిన మొదటివాడు అతనే. అందుకని పుస్తకమంటే భయభక్తులు కాస్త ఎక్కువ. చేతిలో పెన్సిలు లేనిదే పేజీ తెరవడు. చివరి పరీక్ష రాసి ఆరేళ్లయింది. ఆనాటి నుంచి తూనికల ఆఫీసులో కాటాలు సరిచూడటమే తప్ప పుస్తకం పట్టింది లేదు.

ఇప్పుడు మూడు నెలల పాప. భార్య నర్సు. ప్రసవం సెలవు అయిపోగానే ఆమె డ్యూటీలో చేరితే, అతను సెలవు పెట్టాడు. మధ్యాహ్నం ఆమె వాడిన తోటకూర కాడలా ఇల్లు చేరింది.

"రెండు గంటలు పడుకోనివ్వండి. పాప ఏడుపు వినబడిందో, మీ పని చెప్తా!" అని తన నవలొకటి అతని ఒళ్లో పడేసి తలుపేసుకుంది.

పాపకు నాన్న గుండెలే పరుపు. వాలుకుర్చీలో వెనక్కి వాలి, పాపను పడుకోబెట్టుకుని, ఇరవై పేజీలు చదివాడు. సాయంత్రం అవి చూసి భార్య నోరెళ్లబెట్టింది. వాన మొదలైన చోట రెండు గీతలు. పక్కన 'ముఖ్యం'. అడుగున, 'పడవవాడు అబద్ధమేల చెప్పెను? కారణములు వ్రాయుము.'

"పంతులుగారూ, పరీక్షెప్పుడు?"

"గుర్తుండాలి కదా."

"ఎవరికి అప్పజెప్పాలని?"

అది సిలబస్‌లో లేని ప్రశ్న.

మర్నాడు పాప కాలు విదిలించేసరికి పెన్సిలు కుర్చీ కిందికి దొర్లింది. వంగితే పాప లేస్తుంది. పాప లేస్తే ఆవిడ లేస్తుంది. ఆ పైన ఊహించే ధైర్యం లేక, పరీక్ష హాల్లో పక్కవాడి పేపరు చూస్తున్నవాడిలా బెరుగ్గా, ఊరికే చదవసాగాడు.

రెండు పేజీలకల్లా పడవ తిరగబడింది. ఈత రాదన్న పడవవాడు అందరికంటే ముందు ఈదుకుపోతున్నాడు. నవ్వు పొంగుకొచ్చింది. పొట్ట ఊగితే పాప లేస్తుందని పెదవి కొరుక్కున్నాడు. ఆ తరవాత పేజీలు లెక్కపెట్టడం మరిచిపోయాడు.

తలుపు తెరుచుకుంది. "మూడు గంటలు పడుకున్నానా! అయ్యో, పాప లేచే ఉంది. మీ చొక్కా తడిపేసిందండీ."

"ఎప్పుడో తడిపింది."

"మరి లేవరేం?"

"పాపను తీసుకో. వాళ్లింకా ఒడ్డుకు చేరలేదు."

"చేరతారులెండి, ఆ పడవవాడే వెనక్కొచ్చి..."

"చెప్పావంటే చూడు!" అని గావుకేక పెట్టాడు. మూడు గంటలు కిక్కురుమనని పాప ఘొల్లుమంది.

భార్య పాపను భుజాన వేసుకుని, "ఊరుకో తల్లీ, ఊరుకో. ఇన్నాళ్లకు మీ నాన్నకు చదువబ్బింది," అంది.