క్లచ్ లేని కారు

కార్లను పరీక్షించే ఆ ట్రాక్ మీద అందరూ ఆయన్ని క్లచ్ మామ అనేవారు. నిలబడ్డ పెట్రోల్ స్పోర్ట్స్ కారును ఒక్క ఊపున పరుగెత్తించడంలో ఆయన తర్వాతే ఎవరైనా. ఇంజను గొంతు విని గేరు మార్చేవాడు. ఆ ఎడమకాలు క్లచ్‌ను ఎప్పుడు తొక్కిందో, ఎప్పుడు వదిలిందో పక్కన కూర్చున్నవాడికి కూడా తెలిసేది కాదు. ఆహా, ఏం పనితనం! కానీ తాడిని తన్నేవాడుంటే వాడి తల తన్నేవాడూ ఉంటాడు కదా.

ఆ తన్నేది ఆ ఉదయం రానే వచ్చింది. నాలుగు తలుపుల ఎలక్ట్రిక్ కారు, చూస్తే పిల్లల్ని బడి దగ్గర దింపి వచ్చే రకం. నడిపింది ఆ ట్రాక్ మీదే పనిచేసే ఆయన మేనకోడలు. స్టీరింగ్ పట్టుకోవడం దగ్గర్నుంచి ఆయనే నేర్పాడు. ఆయన పెట్రోల్ కారుతో పోటీ పడ్డప్పుడు ఆమె చేసిందల్లా కుడికాలు కిందికంటా నొక్కడమే. ఆయన రెండో గేరులోకి వచ్చేసరికి ఆ పిల్ల ఎక్కడో ఉంది. మళ్ళీ పోటీ పెట్టినా అంతే. ఆయనకు తల కొట్టేసినట్టయింది.

మేనేజరు దగ్గరికొచ్చి మెల్లగా చెప్పాడు. "ఇక పెట్రోల్ కార్లు మన దగ్గరికి రావు మామా. దీన్ని నడిపి చూపించండి, మీ ఉద్యోగానికి ఢోకా లేదు. లేకపోతే నా చేతుల్లో ఏమీ ఉండదు."

"ఇదెంత పని!" అన్నాడు క్లచ్ మామ. ఆ వయసులో ఇంకెవరు పని ఇస్తారన్న భయం లోపల పీకుతూనే ఉంది. మేనకోడలు అడక్కుండానే వచ్చి పక్కన కూర్చుంది.

కారు చప్పుడు లేకుండా ఉరికింది. వీపు సీటుకు అతుక్కుపోయింది. ఇంజను పిలుపు కోసం చెవులు వెతికాయి, వినపడలేదు. అయినా గేరు మార్చే వేళయిందని ఒళ్ళు చెప్పింది. పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గానీ పోదంటారు, పనితో వచ్చిందీ అంతే. ఎడమకాలు దానంతటది లేచి, క్లచ్ ఉండాల్సిన చోట బలంగా తొక్కింది. అక్కడున్నది బ్రేకు.

కారు గిర్రున తిరిగి గడ్డిలోకి పోయి ఆగింది. మేనకోడలి తల అద్దానికి తగిలింది. కనుబొమ మీంచి రక్తం కారుతోంది.

మేనేజరు పరుగెత్తుకొచ్చాడు. క్లచ్ మామ నోరు తెరిచేలోపే ఆ పిల్ల అంది. "నాదే తప్పు సార్. భయమేసి స్టీరింగ్ లాగేశాను."

"బుద్ధుందా నీకు? ఇంకోసారి ఈ ట్రాక్ మీద కనిపిస్తే చూడు!" మేనేజరు కేకలేశాడు.

క్లచ్ మామ తల దించుకున్నాడు. ఊరుకుంటే ఉద్యోగం నిలుస్తుంది. ఆశ పడలేదంటే అబద్ధం, పడ్డాడు. అంతలో ఆమె చేత్తో రక్తం తుడుచుకోవడం చూశాడు. తన మీద తనకే అసహ్యం వేసింది.

"అది అబద్ధం చెబుతోంది. క్లచ్ అనుకుని బ్రేకు తొక్కింది నేను."

మేనేజరు గడ్డిలో ఆగిన కారును ఒకసారి చుట్టి చూశాడు. తర్వాత అన్నాడు. "పోనీ, నాలుగు రోజులు నడిపితే అలవాటవుతుంది లెండి."

"నేనిక మానేస్తానండీ, ఈ కాలు నా మాట వినదు. రేపు నా పక్కన ఇంకెవరి పిల్లో కూర్చుంటుంది." ఆయన కారు దిగాడు.

మేనేజరు వెళ్ళిపోయాక మేనకోడలికి ఏడుపొచ్చేసింది. "ఎందుకు చెప్పావు మామయ్యా? నాకు ఇంకోచోట పని దొరికేది. నీకెవరిస్తారు?"

"నీకు నడపడం నేర్పింది నా దెబ్బలు నువ్వు తినడానికా తల్లీ?" ఆయన తన రుమాలు తీసి ఆమె నుదుటి మీద అదిమాడు. "కట్టు కట్టించుకో. కారు నువ్వు షెడ్డుకు తీసుకెళ్ళు. నేను నడిచొస్తా."

ఆయన ట్రాక్ వెంట నడవసాగాడు. కాసేపటికి పక్కన టైర్ల సవ్వడి వినిపించింది. పొద్దున ఆయన్ని ఓడించిన ఆ కారు, అద్దం దించి, ఆయన అడుగులో అడుగు వేస్తూ షెడ్డు దాకా వచ్చింది.